కీబోర్డు, మౌస్, టచ్‌ప్యాడ్ ఇంటరప్టులు: ఫర్మ్‌వేర్‌లో అమర్చేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త బోర్డు మీదికి కోర్‌బూట్ వంటి ఫర్మ్‌వేర్‌ను (యంత్రం ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామును) తెచ్చేవారికీ, తయారీదారు ఇచ్చిన ఏసీపీఐ పట్టికల్లో (హార్డ్‌వేర్ వివరాలను ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెప్పేవాటిలో) తప్పు ఎక్కడుందో వెతికేవారికీ పనికొస్తుందని ఈ పేజీ రాశాను. ఉదాహరణలు ఎక్కువగా ఇంటెల్, ఏఎండీ ల్యాప్‌టాప్‌లవి. ఒక సంగతి ముందే చెప్పాలి. ఇంటరప్టు లైను (పరికరం ప్రాసెసర్‌ను పిలిచే తీగ) గురించి పరికరం ఒక మాట, చిప్‌సెట్ పిన్ను ఇంకో మాట, ఆపరేటింగ్ సిస్టమ్ చేతికిచ్చే పట్టిక మరో మాట చెబితే ఆ పరికరం పనిచేయదు. పనిచేసినా ఎప్పుడు మొరాయిస్తుందో తెలియదు. కింద వచ్చే సమస్యల్లో చాలావరకు ఈ మూడింటి మధ్య పొసగనివే.

ఇన్‌పుట్ పరికరానికి ఇంటరప్టు ఎందుకు? అప్పుడప్పుడు వెళ్లి చూసి రాకూడదా?

చూడవచ్చు. దాన్నే పోలింగ్ అంటారు. కానీ మీట నొక్కారా లేదా అని ప్రాసెసర్ పదేపదే అడుగుతూ ఉంటే అది నిద్రలోకి జారుకోలేదు, బ్యాటరీ ఖర్చవుతుంది. అడగడంలో వ్యవధి పెంచితే వేలు కదిలిన తర్వాత కర్సర్ కదలడం ఆలస్యమవుతుంది. ఇంటరప్టు ఉంటే పరికరం తన దగ్గర సమాచారం ఉన్నప్పుడు మాత్రమే లైను కదిలించి పిలుస్తుంది, మిగతా సమయమంతా ప్రాసెసర్ పడుకోవచ్చు.

ఫర్మ్‌వేర్ మెనూలో కీబోర్డు చక్కగా పనిచేస్తుంది. లినక్స్ మొదలవగానే ఒక్క మీట కూడా పనిచేయదు. హార్డ్‌వేర్ బాగున్నట్టే కదా?

హార్డ్‌వేర్ బాగున్నట్టే, కానీ ఇంటరప్టు బాగున్నట్టు కాదు. అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. దీని సమాధానం తెలియక పొరపాటున కెర్నెల్ డ్రైవర్‌ను తవ్వుతూ కూర్చునేవారు ఎందరో.

యూఈఎఫ్‌ఐ అనే ఫర్మ్‌వేర్ ప్రమాణపు నమూనాలో డ్రైవర్లు టైమర్ ఇంటరప్టును తప్ప మరో ఇంటరప్టును వాడవు. టైమర్ మోగిన ప్రతిసారీ కీబోర్డు కంట్రోలర్ స్థితి ఉండే పోర్టు హెక్స్ 64ను చదువుతాయి. అక్కడ బైటు ఉందని తెలిస్తే పోర్టు హెక్స్ 60 నుంచి దాన్ని తీసుకుంటాయి. గ్రబ్ బూట్‌లోడర్‌లో సొంతంగా ఉన్న కీబోర్డు డ్రైవర్ కూడా పోలింగ్ పద్ధతిదే. అంటే ఐఆర్‌క్యూ 1 (కీబోర్డు ఇంటరప్టు లైను నంబరు) అసలు ఎక్కడికీ కలపకపోయినా మెనూలో బాణం మీటలు నడుస్తాయి, పాస్‌వర్డు టైపు చేయవచ్చు. లినక్స్ గానీ విండోస్ గానీ వచ్చాక మాత్రం ఐఆర్‌క్యూ 1 కోసమే ఎదురుచూస్తాయి. అది రాకపోతే మీరు ఎన్ని మీటలు నొక్కినా కంట్రోలర్ బఫర్‌లో మొదటి బైటు అలాగే పడి ఉంటుంది.

కాబట్టి "మెనూలో పనిచేసింది" అన్నదాన్ని పరీక్షగా లెక్కపెట్టకండి. ఇన్‌పుట్ పరికరాన్ని పరీక్షించాల్సింది ఆపరేటింగ్ సిస్టమ్ లోపలే. అది కూడా ఒకసారి మామూలుగా బూట్ అయ్యాక, ఇంకోసారి నిద్ర నుంచి లేచాక.

ఐఆర్‌క్యూ 1, ఐఆర్‌క్యూ 12 అనే అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయి? మార్చుకోవచ్చా?

1981 నాటి ఐబీఎం పీసీలో ఇంటెల్ 8259 అనే ఇంటరప్టు కంట్రోలర్ ఒక్కటే ఉండేది. దానికి ఎనిమిది లైన్లు. 0 టైమర్‌కు, 1 కీబోర్డుకు. 1984లో వచ్చిన పీసీ ఏటీలో రెండో 8259ను మొదటిదాని 2వ నంబరు లైనుకు తగిలించారు. అలా లైన్లు 15 వరకు వెళ్లాయి. 1987లో పీఎస్/2 యంత్రాలతో వచ్చిన మౌస్ పోర్టుకు 12ను ఇచ్చారు. అప్పటి నుంచి ఈ రెండు అంకెలూ కదల్లేదు.

8259 చిప్ విడిగా మిగలని ఇప్పటి యంత్రాల్లో ఐఓ ఏపిక్ అనే కొత్త తరం ఇంటరప్టు కంట్రోలర్ ఆ పని చేస్తుంది. అయినా కీబోర్డు 1 మీదే, మౌస్ 12 మీదే వస్తాయని ఆపరేటింగ్ సిస్టమ్‌లు, పాత డ్రైవర్లు నమ్ముతాయి. వీటిని మార్చి సాధించేది ఏమీ లేదు. మార్చకండి.

డెస్క్‌టాప్ బోర్డులో పీఎస్/2 పోర్టులకు ఇంటరప్టు ఎక్కడ అమర్చాలి?

సూపర్ ఐఓ చిప్‌లో, అంటే కీబోర్డు వంటి పాత తరహా పోర్టులను చూసుకునే చిప్‌లో. కీబోర్డు కంట్రోలర్ అందులో ఒక లాజికల్ పరికరంగా ఉంటుంది. విన్‌బాండ్, నువోటన్ చిప్‌లలో చాలావాటిలో అది 5వ నంబరు పరికరం. రిజిస్టర్ హెక్స్ 30లో 1 రాస్తే పరికరం మేల్కొంటుంది. హెక్స్ 60, 62 రిజిస్టర్లతో మొదలయ్యే జతల్లో పోర్టుల చిరునామాలు, హెక్స్ 70లో కీబోర్డు ఐఆర్‌క్యూ, హెక్స్ 72లో మౌస్ ఐఆర్‌క్యూ రాయాలి. ఐటీఈ చిప్‌లలో కీబోర్డు 5, మౌస్ 6 అని విడివిడి పరికరాలు, మౌస్ ఐఆర్‌క్యూను 6వ పరికరపు హెక్స్ 70లో రాస్తారు. ఒక చిప్ కోసం రాసిన అమరికను ఇంకో చిప్‌కు ఎత్తి పెట్టినప్పుడు కీబోర్డు నడిచి మౌస్ మాత్రం నడవకపోతే ముందు ఈ తేడానే చూడండి.

ఇది అయ్యాక కంట్రోలర్ కమాండ్ బైటు సంగతి ఉంది. అందులో 0వ బిట్ ఐఆర్‌క్యూ 1ను, 1వ బిట్ ఐఆర్‌క్యూ 12ను తెరుస్తుంది. లినక్స్ తన వంతుగా వీటిని మళ్లీ రాసుకుంటుంది కాబట్టి ఇక్కడ తప్పున్నా చాలాసార్లు బయటపడదు.

ల్యాప్‌టాప్‌లో సూపర్ ఐఓ కనిపించదు. మరి లోపలి కీబోర్డు ఐఆర్‌క్యూ 1 ఎలా వస్తుంది?

ల్యాప్‌టాప్ కీబోర్డు అడ్డవరుసలు, నిలువు వరుసల వల. దాన్ని ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిన్న చిప్ వరుసగా తడుముతూ, ప్రాసెసర్ వైపు మాత్రం పాత 8042 కీబోర్డు కంట్రోలర్ వేషంలో కనిపిస్తుంది. దాని నుంచి చిప్‌సెట్‌కు వచ్చేది ఐఆర్‌క్యూకు ఒకటి చొప్పున విడి తీగలు కాదు. పాత ఎల్‌పీసీ బస్సులో అన్ని ఐఆర్‌క్యూలనూ ఒకే తీగ మీద వంతులవారీగా పంపే సీరియల్ ఐఆర్‌క్యూ పద్ధతి ఉండేది. కొత్త ఈఎస్‌పీఐ బస్సులో అవి వర్చువల్ వైర్ సందేశాలుగా వస్తాయి.

ఎల్‌పీసీ ఉన్న బోర్డయితే సీరియల్ ఐఆర్‌క్యూను చిప్‌సెట్‌లో ఆన్ చేశారా, నిరంతర పద్ధతిలో పెట్టారా, నిశ్శబ్ద పద్ధతిలో పెట్టారా అన్నది చూడాలి. నిరంతర పద్ధతిలో ప్రతి వంతునూ చిప్‌సెట్ మొదలుపెడుతుంది. నిశ్శబ్ద పద్ధతిలో పరికరమే మొదలుపెట్టాలి. కంట్రోలర్‌కు నిశ్శబ్ద పద్ధతి సరిగ్గా రాకపోతే కీబోర్డు మెనూలో నడిచి లినక్స్‌లో ఆగిపోతుంది, పైన రెండో ప్రశ్నలో చెప్పిన లక్షణమే. కోర్‌బూట్‌లో ఇది డివైస్‌ట్రీ అనే బోర్డు వివరాల ఫైలులో ఒక్క వరుస. అనుమానం ఉంటే ముందు నిరంతర పద్ధతిలో పెట్టి చూడండి.

ఏసీపీఐ వైపు కూడా ఒక పని ఉంది. కీబోర్డుకు పీఎన్‌పీ0303, మౌస్‌కు పీఎన్‌పీ0ఎఫ్13 గుర్తింపులతో పరికరాలను ప్రకటించి, వాటి వనరుల జాబితాలో పోర్టులు, ఐఆర్‌క్యూ రాయాలి. ఇవి లేకపోతే పీఎస్/2 కంట్రోలర్ దొరకలేదని లినక్స్ లాగ్‌లో రాసేస్తుంది.

ఎడ్జ్, లెవెల్ అంటున్నారు. రెండింటిలో ఏది పెట్టాలో ఎలా తేల్చుకోవాలి?

ఎడ్జ్ అంటే లైను ఒక స్థితి నుంచి మరో స్థితికి మారిన ఆ క్షణాన్ని గుర్తించడం. లెవెల్ అంటే లైను ఆ స్థితిలో ఉన్నంతసేపూ పిలుపు ఉన్నట్టే లెక్క. ఇంటి తలుపు గంట ఒక్కసారి నొక్కి వదిలేసిన అతిథి మొదటి రకం, తలుపు తీసేవరకు మీట మీద వేలు తీయని అతిథి రెండో రకం. మొదటి రకం అతిథి వచ్చినప్పుడు మీరు పెరట్లో ఉంటే పిలుపు పోయినట్టే.

తేల్చాల్సింది మీరు కాదు, పరికరమే. పీఎస్/2 కీబోర్డు, మౌస్ ఎడ్జ్ రకం. 8259 కాలపు యంత్రాల్లో ఎడ్జ్, లెవెల్ ఎంపికకు పోర్టులు హెక్స్ 4డీ0, 4డీ1 ఉన్నాయి, కానీ ఐఆర్‌క్యూ 0, 1, 2, 8, 13 ఎప్పుడూ ఎడ్జ్‌గానే ఉండాలి. ఐ2సీ అనే రెండు తీగల బస్సు మీద కూర్చునే హిడ్ (ఇన్‌పుట్ పరికరాల ఉమ్మడి ప్రమాణం) టచ్‌ప్యాడ్‌లు లెవెల్ రకం. మైక్రోసాఫ్ట్ 2012లో ఇచ్చిన ఐ2సీ హిడ్ ప్రమాణంలో ఆ సంగతి స్పష్టంగా ఉంది: చెప్పాల్సిన సమాచారమంతా హోస్ట్ చదివేవరకు పరికరం లైనును పట్టుకునే ఉంటుంది.

లెవెల్ పరికరాన్ని ఎడ్జ్‌గా ప్రకటిస్తే ఏమవుతుందో కాస్త నిదానంగా చూద్దాం. బూట్ సమయంలో మీ చెయ్యి టచ్‌ప్యాడ్ మీద పడింది. టచ్‌ప్యాడ్ లైనును కిందికి లాగింది. అప్పటికి డ్రైవర్ ఇంకా రాలేదు. అర సెకను తర్వాత డ్రైవర్ వచ్చి, లైను కిందికి దిగే క్షణం కోసం ఎదురుచూడటం మొదలుపెట్టింది. లైను ఇప్పటికే కింద ఉంది, మళ్లీ దిగడానికి లేదు. టచ్‌ప్యాడ్ ఏమో తన సమాచారం చదివేవరకు లైనును వదలదు. ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ యంత్రం ఆపేవరకు అలాగే ఉండిపోతారు. బూట్ సమయంలో చెయ్యి పెట్టకపోతే మాత్రం అంతా బాగుంటుంది. "పది సార్లలో ఒకసారి టచ్‌ప్యాడ్ రాదు" అనే ఫిర్యాదు విన్నప్పుడు నేను ముందు చూసేది ఇదే. నిద్ర నుంచి లేచేటప్పుడు కూడా ఇదే కథ నడుస్తుంది.

పొలారిటీ (లైను పైన ఉంటే పిలుపా, కింద ఉంటే పిలుపా అన్నది) తప్పయితే ఎలా తెలుస్తుంది?

చాలా గట్టిగా తెలుస్తుంది. ఐ2సీ హిడ్ టచ్‌ప్యాడ్ లైను ఖాళీగా ఉన్నప్పుడు పైన ఉంటుంది, పిలిచేటప్పుడు కిందికి దిగుతుంది. దాన్ని పైన ఉంటే పిలుపు అని ప్రకటిస్తే ఎవరూ ముట్టుకోకపోయినా నిరంతరం పిలుపే. డ్రైవర్ వెళ్లి చదువుతుంది, ఏమీ ఉండదు, తిరిగొస్తుంది, మళ్లీ పిలుపు. ఒక కోర్ తీరిక లేకుండా తిరుగుతుంది, ఫ్యాన్ మోగుతుంది. దీన్నే ఇంటరప్టు తుపాను అంటారు.

ఇందులో ఒక తేడా గమనించాలి. ఒక ఐఆర్‌క్యూ మీద వచ్చిన 1,00,000 ఇంటరప్టులలో 99,900కు పైగా ఎవరూ తమవని ఒప్పుకోకపోతే లినక్స్ ఆ లైనును మూసేసి, ఎవరూ పట్టించుకోలేదని లాగ్‌లో రాస్తుంది. కానీ ఐ2సీ హిడ్ డ్రైవర్ వచ్చిన ప్రతి ఇంటరప్టునూ తనదేనని ఒప్పుకుంటుంది. అందువల్ల ఆ సందేశం రాదు, తుపాను ఆగదు. లాగ్ శుభ్రంగా ఉంది కదా అని పొలారిటీని నిర్దోషిగా తేల్చేయకండి.

పొలారిటీని తిప్పే చోట్లు రెండు. పిన్ను అమరికలో తలకిందులు చేసే బిట్ ఒకటి, ఏసీపీఐ పట్టికలోని ప్రకటన ఒకటి. ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని మరచిపోతే తప్పు సరిదిద్దబోయి కొత్త తప్పు చేస్తారు. రెండు ఫైళ్లూ పక్కపక్కన తెరిచి పెట్టుకుని మార్చండి.

కోర్‌బూట్‌లో ఐ2సీ టచ్‌ప్యాడ్‌ను మొదటి నుంచి ఎలా అమర్చాలి?

సర్క్యూట్ బొమ్మ ఉంటే దానితో మొదలుపెట్టండి. లేకపోతే తయారీదారు ఫర్మ్‌వేర్ నడుస్తుండగానే ఏసీపీఐ పట్టికలు బయటికి తీసి, విడదీసి చదవాలి. ఇంటెల్ యంత్రమైతే కోర్‌బూట్‌తో వచ్చే ఇంటెల్‌టూల్‌తో పిన్నుల అమరికను కూడా తీసి పెట్టుకోవాలి. కావాల్సిన సంగతులు ఇవి: టచ్‌ప్యాడ్ ఏ ఐ2సీ కంట్రోలర్ మీద ఉంది, ఆ బస్సులో దాని చిరునామా ఎంత, హిడ్ డిస్క్రిప్టర్ ఏ రిజిస్టర్‌లో ఉంది, ఇంటరప్టు ఏ పిన్నుకు వచ్చింది. క్రోమ్‌బుక్‌లలో ఎక్కువగా కనిపించే అమరిక చెప్పాలంటే, ఎలాన్ టచ్‌ప్యాడ్ చిరునామా హెక్స్ 15, డిస్క్రిప్టర్ రిజిస్టర్ 1. సినాప్టిక్స్‌ది చిరునామా హెక్స్ 2సీ, డిస్క్రిప్టర్ హెక్స్ 20.

పిన్నును ఇన్‌పుట్‌గా, లెవెల్‌గా, తలకిందుల బిట్‌తో ఐఓ ఏపిక్ వైపు మళ్లించాలి. కోర్‌బూట్‌లో దీనికి సిద్ధంగా మాక్రో ఉంది. తర్వాత డివైస్‌ట్రీలో ఐ2సీ హిడ్ డ్రైవర్ కింద పరికరం పేరు, ఐఆర్‌క్యూ, డిస్క్రిప్టర్ రిజిస్టర్ రాస్తే ఏసీపీఐ కోడును అదే పుట్టిస్తుంది. పీఎన్‌పీ0సీ50 అనే ఉమ్మడి గుర్తింపు, డిస్క్రిప్టర్ చిరునామాను అడిగితే చెప్పే పద్ధతి అందులో ఉంటాయి.

పుల్‌అప్ సంగతి చాలామంది మరచిపోతారు. టచ్‌ప్యాడ్ ఇంటరప్టు లైను సాధారణంగా ఓపెన్ డ్రెయిన్, అంటే పరికరం దాన్ని కిందికి లాగగలదు గానీ పైకి నెట్టలేదు. పైకి ఎత్తిపట్టే రెసిస్టర్ బోర్డు మీద ఉండాలి, లేదంటే పిన్ను లోపలిదాన్ని ఆన్ చేయాలి. రెండూ లేకపోతే లైను గాలిలో తేలుతూ, వేలు దగ్గరికొస్తే చాలు పిలుస్తుంది.

ఐఓ ఏపిక్ ద్వారా పంపాలా, జీపీఐఓ కంట్రోలర్ (చిప్‌సెట్‌లో మామూలు పిన్నులను చూసుకునే భాగం) ద్వారా పంపాలా?

రెండూ సరైన దారులే, కలపడమే తప్పు.

మొదటి దారిలో పిన్ను నేరుగా ఐఓ ఏపిక్‌కు వెళ్తుంది. పట్టికలో మామూలు ఇంటరప్టు ప్రకటన రాయాలి. రెండో దారిలో పిన్ను పిలుపు జీపీఐఓ కంట్రోలర్‌కు వెళ్తుంది, అది తన ఉమ్మడి ఐఆర్‌క్యూ ద్వారా ప్రాసెసర్‌ను పిలుస్తుంది. ఇంటెల్ యంత్రాల్లో ఆ ఉమ్మడి నంబరు మామూలుగా 14 లేదా 15. ఏఎండీ ల్యాప్‌టాప్‌లలో 7. ఈ దారిలో పట్టికలో జీపీఐఓ ఇంటరప్టు ప్రకటన రాయాలి.

ఇంటెల్ పిన్నులకు యజమాని ఎవరో చెప్పే ఒక రిజిస్టర్ ఉంటుంది. పిన్ను ఏసీపీఐ అధీనంలో ఉందా, జీపీఐఓ డ్రైవర్ అధీనంలో ఉందా అని. పట్టికలో జీపీఐఓ ప్రకటన రాసి, పిన్నును ఏసీపీఐ అధీనంలో వదిలేస్తే లినక్స్ ఆ పిన్నును ఐఆర్‌క్యూగా వాడలేమని హెచ్చరించి నిరాకరిస్తుంది. ఆ హెచ్చరిక కనిపిస్తే టచ్‌ప్యాడ్‌ను అనుమానించడం మానేసి యజమాని బిట్‌ను సరిచేయండి.

మొదటి దారిలో ఒక చిక్కు ఉంది. ఇంటెల్‌లో ప్రతి పిన్నుకూ ఐఓ ఏపిక్ నంబరు ముందే నిర్ణయమై ఉంటుంది. నంబర్లు పిన్నులకంటే తక్కువ కావడంతో వేర్వేరు గ్రూపుల్లోని రెండు పిన్నులకు ఒకే నంబరు పడవచ్చు. టచ్‌ప్యాడ్‌కూ టచ్‌స్క్రీన్‌కూ అలా పడితే ఒకదాన్ని జీపీఐఓ దారికి మార్చడమే మేలు.

ఐ2సీ హిడ్ పరికరాన్ని రీసెట్ చేయలేకపోయామని లాగ్‌లో వస్తోంది. టచ్‌ప్యాడ్ పోయినట్టేనా?

తొందరపడకండి. ఈ సందేశం వచ్చిందంటే డ్రైవర్ అప్పటికే ఐ2సీ బస్సు మీద పరికరంతో మాట్లాడింది, డిస్క్రిప్టర్‌ను చదివింది. అంటే విద్యుత్తు, చిరునామా, బస్సు అన్నీ సరిగ్గా ఉన్నాయి.

తర్వాత డ్రైవర్ రీసెట్ ఆదేశం పంపుతుంది. పరికరం రీసెట్ అయ్యాక లైను కిందికి లాగి, రెండు సున్నా బైట్లను జవాబుగా ఉంచాలి. డ్రైవర్ ఆ పిలుపు కోసం ఎదురుచూస్తుంది. ప్రమాణం ప్రకారం పరికరానికి 5 సెకన్ల గడువుంది. పరికరం తన పని చేసి లైను లాగినా, ఆ పిలుపు ప్రాసెసర్‌కు చేరకపోతే డ్రైవర్‌కు తెలిసేది ఒక్కటే, జవాబు రాలేదని. కాబట్టి బస్సు మీద అన్నీ బాగుండి రీసెట్ దగ్గరే ఆగిందంటే ఇంటరప్టు మీదే అనుమానం పెట్టుకోవాలి. డిస్క్రిప్టర్ చదవడంలోనే విఫలమైతే మాత్రం చిరునామా, విద్యుత్తు, రీసెట్ పిన్ను, ఆన్ చేశాక ఇవ్వాల్సిన విరామం చూడండి. నేను చూసినంతలో లోపాన్ని ఇంత స్పష్టంగా రెండుగా విడగొట్టి చూపించే ఇన్‌పుట్ పరికరం ఇంకోటి లేదు, ఆ అవకాశాన్ని వదులుకోకండి.

ఒకే మోడల్‌లో కొన్నిటికి ఎలాన్, కొన్నిటికి సినాప్టిక్స్ టచ్‌ప్యాడ్ వస్తోంది. ఇంటరప్టు పిన్ను ఒక్కటే. రెండూ ప్రకటించవచ్చా?

ప్రకటించవచ్చు, కానీ ఉన్నదాన్నే ఆపరేటింగ్ సిస్టమ్‌కు చూపాలి. కోర్‌బూట్‌లో పరికరం నిజంగా ఉందో లేదో బస్సు మీద పలకరించి తేల్చుకునే ఎంపిక ఉంది, రెండు ప్రకటనల్లోనూ దాన్ని ఆన్ చేయండి. లేని పరికరం కూడా పట్టికలో ఉంటే ఒకే ఐఆర్‌క్యూ కోసం రెండు డ్రైవర్లు పోటీపడే పరిస్థితి వస్తుంది.

ఏఎండీ రైజెన్ 6000 తరం ల్యాప్‌టాప్‌లలో కీబోర్డు పనిచేయకపోవడం గురించి విన్నాం. అది ఫర్మ్‌వేర్ తప్పా, కెర్నెల్ తప్పా?

రెండూ ఒకదానితో ఒకటి పొసగకపోవడం. ఫర్మ్‌వేర్ రాసేవారికి మంచి పాఠం కాబట్టి వివరంగా చెబుతాను.

పాత ఐఆర్‌క్యూల గురించి ఏసీపీఐలో రెండు చోట్ల సమాచారం ఉండవచ్చు. పరికరపు వనరుల జాబితా ఒకటి, మేడ్ట్ అనే ఇంటరప్టు కంట్రోలర్ల పట్టిక ఒకటి. మేడ్ట్‌లో ప్రత్యేకంగా ఏమీ రాయకపోతే ఐఆర్‌క్యూ 1 ఎడ్జ్ రకం, పైకి లేస్తే పిలుపు అని అర్థం. ఆ ల్యాప్‌టాప్‌లలో కొన్నిటి పరికరపు జాబితాలో మాత్రం కిందికి దిగితే పిలుపు అని ఉంది, మేడ్ట్‌లో దానికి తగ్గ సవరణ లేదు. రెండూ కలవకపోతే మేడ్ట్ అర్థాన్నే తీసుకునే అలవాటు లినక్స్‌కు ఉండేది. అలా తీసుకున్నప్పుడు ఐఆర్‌క్యూ 1ను మార్చుతున్నామని లాగ్‌లో ఒక వరుస కూడా వచ్చేది. ఈ యంత్రాల్లో పరికరపు జాబితాదే నిజం కావడంతో కీబోర్డు పడిపోయింది. 2022లో ఏఎండీ జెన్ యంత్రాలన్నిటికీ ఆ అలవాటు మాన్పిస్తూ మార్పు చేశారు. దానివల్ల వేరే యంత్రాల్లో కీబోర్డులు దెబ్బతిన్నాయి. 2023లో ఆ భాగాన్ని మళ్లీ తిరగరాశారు.

మీరు ఫర్మ్‌వేర్ రాస్తున్నట్టయితే ఈ గొడవను మొదట్లోనే తప్పించవచ్చు. కీబోర్డు మామూలు పద్ధతిలోనే ఉంటే రెండు చోట్లా మామూలుగానే వదిలేయండి. తేడా ఉంటే రెండు చోట్లా అదే తేడాను రాయండి.

యూఎస్‌బీ కీబోర్డుకు ఏ ఐఆర్‌క్యూ ఇవ్వాలి?

ఏదీ ఇవ్వనక్కర్లేదు. యూఎస్‌బీలో ఇంటరప్టు ట్రాన్స్‌ఫర్ అనే పేరున్నా, పరికరం తనంతట తాను పిలవలేదు. హోస్ట్ కంట్రోలరే పరికరం చెప్పిన వ్యవధిలో వెళ్లి అడుగుతుంది. ప్రాసెసర్‌ను పిలిచేది ఆ కంట్రోలర్. ఎక్స్‌హెచ్‌సీఐ అనే ఇప్పటి యూఎస్‌బీ కంట్రోలర్లు అందుకు ఎంఎస్‌ఐ అనే, విడి తీగ అక్కర్లేని ఇంటరప్టు సందేశాలు వాడతాయి, మీరు పిన్ను ఏదీ అమర్చాల్సిన పని లేదు. పాత బయాస్‌లలో యూఎస్‌బీ లెగసీ సపోర్టు ఆన్ చేస్తే యూఎస్‌బీ కీబోర్డును పోర్టు 60, 64ల మీద పీఎస్/2 కీబోర్డులా నటింపజేస్తారు, అది వేరే సంగతి.

బయాస్ మెనూలో పీఎస్/2 మౌస్‌కు ఐఆర్‌క్యూ 12 కేటాయించాలా వద్దా అని అడుగుతోంది.

పీఎస్/2 మౌస్ ఉంటే కేటాయించండి. ఐఆర్‌క్యూలు చాలక విస్తరణ కార్డులు కొట్టుకునే 1990ల నాటి యంత్రాల కోసం పెట్టిన ఎంపిక ఇది, మౌస్ లేనివారు 12ను ఖాళీ చేసి కార్డుకు ఇచ్చుకునేవారు.

టచ్‌ప్యాడ్ తాకితే ల్యాప్‌టాప్ నిద్ర లేవాలి. ఇంటరప్టు సరిపోతుందా?

ఏ నిద్ర అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎస్3 అనే గాఢ నిద్రలో మామూలు ఇంటరప్టు పనిచేయదు. పిన్నును జీపీఈ అనే మేల్కొలుపు దారికి కూడా మళ్లించి, ఆ నంబరును ఏసీపీఐలో పరికరపు మేల్కొలుపు వనరుగా రాయాలి. ఎస్0 తేలిక నిద్రలో మామూలు ఇంటరప్టే లేపగలదు, దాన్ని మేల్కొలుపు శక్తి ఉన్నదిగా ప్రకటిస్తే చాలు.

మూత మూసి సంచిలో పెట్టాక తెర అంచు టచ్‌ప్యాడ్‌కు తగిలి యంత్రం లేచిపోవడం, సంచిలోనే వేడెక్కడం నిజంగా జరుగుతాయి. మూత మూసి ఉంటే టచ్‌ప్యాడ్ పిలుపును ఎంబెడెడ్ కంట్రోలర్ గానీ సిస్టమ్ గానీ వదిలేసేలా చూడనిదే ఈ సదుపాయాన్ని ఆన్ చేయకండి. ఎవరు లేపారో తెలుసుకోవాలంటే లినక్స్‌లో సిస్, పవర్ డైరెక్టరీ కింద పీఎం వేకప్ ఐఆర్‌క్యూ అనే ఫైలులో ఆ నంబరు ఉంటుంది.

మూత స్విచ్చుకు ఎడ్జ్ పెట్టాలా, లెవెల్ పెట్టాలా?

రెండు దిక్కుల ఎడ్జ్. మూయడమూ తెలియాలి, తెరవడమూ తెలియాలి. లెవెల్ పెడితే మూత మూసి ఉన్నంతసేపూ పిలుపే.

ఆర్మ్ బోర్డులో ఏసీపీఐ లేదు. అక్కడెలా?

ఇక్కడ డివైస్‌ట్రీ అంటే పైన చెప్పిన కోర్‌బూట్ ఫైలు కాదు, కెర్నెల్‌కు ఇచ్చే హార్డ్‌వేర్ వివరణ. అందులో పరికరపు నోడ్‌లో ఇంటరప్టు ఏ కంట్రోలర్‌కు వెళ్తుందో, పిన్ను నంబరు ఎంతో, రకం ఏమిటో రాస్తారు. రకానికి అంకెలున్నాయి: పైకి లేచే ఎడ్జ్ 1, కిందికి దిగే ఎడ్జ్ 2, పై లెవెల్ 4, కింది లెవెల్ 8. ఐ2సీ హిడ్ టచ్‌ప్యాడ్‌కు 8. పైన ఎడ్జ్, పొలారిటీ గురించి చెప్పినవన్నీ ఇక్కడా వర్తిస్తాయి.

నడుస్తున్న యంత్రంలో ఇంటరప్టు నిజంగా వస్తోందని ఎలా చూడాలి?

లినక్స్‌లో ప్రాక్ డైరెక్టరీ కింద ఉన్న ఇంటరప్ట్స్ ఫైలు చాలు. ఒక్కో ఐఆర్‌క్యూకు ఒక్కో వరుస. ఒక్కో కోర్‌కు ఎన్ని వచ్చాయో అంకెలు, తర్వాత కంట్రోలర్ పేరు, ఎడ్జ్ లేదా లెవెల్, చివర డ్రైవర్ పేరు.

యూఎస్‌బీ కీబోర్డు ఒకటి తగిలించి దానితో ఆదేశాలు టైపు చేయండి, లేదా వేరే కంప్యూటర్ నుంచి లాగిన్ అవ్వండి. ఇప్పుడు ల్యాప్‌టాప్ సొంత కీబోర్డు మీద ఏ అక్షరాన్నైనా ఒక్కసారి నొక్కి వదలండి. 8042 డ్రైవర్ పేరున్న ఐఆర్‌క్యూ 1 వరుసలో మొత్తం 2 పెరగాలి. నొక్కినందుకు ఒక బైటు, వదిలినందుకు ఒక బైటు, బైటుకో ఇంటరప్టు. నమ్ లాక్ ఆపి బాణం మీట నొక్కితే 4 పెరగాలి, ఎందుకంటే ఆ మీటల కోడుకు ముందు అదనపు బైటు వస్తుంది. నొక్కినా అంకె కదలకపోతే ఇంటరప్టు రావడం లేదు. కదిలి అక్షరం రాకపోతే తప్పు పై పొరల్లో ఉంది, ఫర్మ్‌వేర్‌ను వదిలేయండి. పీఎస్/2 దారిలో ఉన్న సినాప్టిక్స్ టచ్‌ప్యాడ్ అయితే ఒక్కో ప్యాకెట్టుకు 6 బైట్లు, సెకనుకు 80 ప్యాకెట్ల వరకు. వేలు కదిలిస్తున్నంతసేపు ఐఆర్‌క్యూ 12 సెకనుకు 480 దాకా పెరగడం మామూలే, దాన్ని తుపాను అనుకోకండి.

ఐ2సీ టచ్‌ప్యాడ్‌కు పరీక్ష ఇంకా తేలిక. వేలు తీసేశాక అంకె ఆగిపోవాలి. ఆగకపోతే పొలారిటీ లేదా పుల్‌అప్ తప్పు. వేలు పెట్టినా 1 దగ్గరో 0 దగ్గరో ఆగి ఉంటే ఎడ్జ్, లెవెల్ తేడా గానీ, దారి తప్పిన పిన్ను గానీ. ఆ వరుసలో ఎడ్జ్ అని ఉందో లెవెల్ అని ఉందో కూడా అక్కడే చదవండి. మీరు ఫర్మ్‌వేర్‌లో రాశామనుకున్నది కాక, కెర్నెల్‌కు నిజంగా చేరింది అది.

కెర్నెల్‌కు ఒక ఎంపిక ఇస్తే కీబోర్డు వస్తోంది. ఇక ఫర్మ్‌వేర్‌ను వదిలేయవచ్చా?

మీ ఒక్కరి యంత్రమే అయితే మీ ఇష్టం. కానీ ఫర్మ్‌వేర్ మీరే ఇస్తున్నప్పుడు అలా వదిలేయడం సరికాదని నా గట్టి అభిప్రాయం. దాన్ని వాడేవారిలో చాలామందికి కెర్నెల్ ఎంపికలంటే తెలియదు, కీబోర్డు లేని ఇన్‌స్టాలర్ తెర ముందు ఆగిపోతారు. ఇంటరప్టులను పక్కనబెట్టి పోలింగ్ చేయించే ఎంపికలు, 8042ను రీసెట్ చేయించే ఎంపికలు లోపం ఎక్కడుందో వెతకడానికి మంచివి. ఏ ఎంపికతో బాగైందో అదే తప్పు ఉన్న చోటును చూపిస్తుంది.

తప్పు తయారీదారు ఫర్మ్‌వేర్‌లో ఉండి మీ చేతిలో లేకపోతే కెర్నెల్ అభివృద్ధి చేసేవారికి రాయండి. ఆ ఉత్తరంలో ఉండాల్సినవి: యంత్రం మోడల్, బయాస్ వెర్షన్, పూర్తి బూట్ లాగ్, బయటికి తీసిన ఏసీపీఐ పట్టికలు, మీట నొక్కక ముందు ఒకసారీ నొక్కాక ఒకసారీ తీసిన ఇంటరప్టుల ఫైలు. నిద్ర నుంచి లేచాక మాత్రమే సమస్య వస్తే అప్పటి లాగ్, ఇంటరప్టుల ఫైలు కూడా విడిగా తీసి జతచేయండి.